పాలు పోసుకునే నెల



మన సంఘాల క్యాలెండరులో అక్టోబరు ఒక సామాన్యమైన నెల. ఈస్టరు ఎప్పుడో వెళ్ళిపోయింది. క్రిస్మస్ ఇంకా దూరాన ఉంది. నెల చివరి రోజున కొన్ని సంఘాలు సంస్కరణ దినాన్ని జ్ఞాపకం చేసుకుంటాయి. 1517లో అదే తేదీన మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గులో తన 95 సిద్ధాంతాలను బయటపెట్టాడు. అది మినహాయిస్తే ప్రత్యేక కూడికలు లేవు, అలంకరణలు లేవు, క్యారల్స్ లేవు. పాస్టరుకు కూడా కాస్త తీరిక దొరికే నెల ఇది.

అయితే పండుగ లేని నెలలో దేవుడు మాట్లాడడా? ఆయన మాట్లాడతాడు. చేను గట్టు మీద మాట్లాడతాడు, వీధిలో మాట్లాడతాడు, సాయంకాలం గుమ్మం దగ్గర మాట్లాడతాడు. కొన్ని సంవత్సరాలుగా అక్టోబరు నెల నాకు నేర్పుతూ వచ్చిన నాలుగు పాఠాలను ఈ దినం మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాను. ఇవి పెద్ద వేదాంత విషయాలు కావు. మీరూ నేనూ రోజూ చూసేవే.

మొదటి పాఠం వరిచేను దగ్గరిది.

గోదావరి డెల్టాలో జూలైలో నాట్లు వేస్తే, అక్టోబరుకు చేను పొట్ట మీదికి వస్తుంది. తర్వాత ఈనుతుంది, అంటే వెన్ను బయటికి వస్తుంది. మీలో రైతులున్నారు, మీకు నేను చెప్పనవసరం లేదు. కాని పట్నంలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఎంతమంది వరి పువ్వును చూశారు? అన్నం మూడు పూటలా తింటాం గాని, ఆ అన్నానికి ఒక పువ్వు ఉందని మనలో చాలామందికి తెలియదు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఉదయం ఎండ కాస్త ఎక్కిన తరువాత ఆ చిన్న పొట్టు రెండుగా విచ్చుకుంటుంది. ఇంచుమించు ఒక గంట తెరుచుకుని ఉంటుంది. ఆ గంటలో పుప్పొడి రాలాలి. మళ్ళీ మూసుకుంటుంది. ఇక తెరుచుకోదు.

ఆ గంటలో గట్టి వాన కొడితే, ఈదురుగాలి వీస్తే పుప్పొడి కొట్టుకుపోతుంది. గింజ కట్టదు. కాని పొట్టు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. దూరం నుండి చూస్తే చేనంతా ఒకటే పచ్చన. ఏది గింజ, ఏది తాలు అని కంటికి తెలియదు.

మా సంఘంలో ఒక పెద్దాయన, అరవై ఏళ్ళు వ్యవసాయం చేసినవాడు, ఒకసారి నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళాడు. ఒక వెన్ను చేతిలోకి తీసుకుని గోటితో ఒక గింజను నొక్కాడు. తెల్లని పాలు బయటికొచ్చాయి. "చూశారా అయ్యగారూ, పాలు పోసుకుంటోంది. ఇప్పుడు దీనికి నీళ్ళు కావాలి, ఎండ కావాలి, కాస్త నెమ్మది కావాలి. మనం చేసేది ఇక పెద్దగా ఏమీ లేదు, కాపలా కాయడమే" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట నేను మరచిపోలేదు. గింజ నిండడానికి పువ్వు విడిచిన తరువాత ఇంచుమించు నెల రోజులు పడుతుంది. ఆ నెల రోజులూ బయటికి ఏమీ కనబడదు. చేను ఎత్తు పెరగదు. కొత్త ఆకు వేయదు. కాని అసలైన పని జరిగేది అప్పుడే. తల్లీ, పదో తరగతి చదువుతున్న నీ కుమారుడు మాట వినడం లేదని, నీ ప్రార్థనలు గాలిలో కలిసిపోతున్నాయని బాధపడుతున్నావా? ఇరవై ఏళ్ళుగా ఒకే ఆఫీసులో ఒకే కుర్చీలో నమ్మకంగా పని చేస్తూ, ఎవరి కంటా పడలేదని నలిగిపోతున్న సహోదరుడా, నీ సంగతేమిటి? కనబడనంత మాత్రాన జరగడం లేదని అనుకోవద్దు. పాలు పోసుకునే కాలం అది.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న మనలో ఎవరు గింజ, ఎవరు తాలు అనేది దూరం నుండి చూసేవారికి తెలియదు. చేటలో పోసి తూర్పారబట్టినప్పుడు తెలుస్తుంది. తాలు గాలికి ఎగిరిపోతుంది, గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది. బాప్తిస్మమిచ్చు యోహాను రాబోయే ప్రభువును గూర్చి చెప్పేటప్పుడు ఈ కళ్ళంలోని పనినే ఎత్తి చూపాడు. గాలి వీచినప్పుడు మనల్ని నేల మీద నిలబెట్టేది మన లోపలి బరువే.

రెండవ పాఠం గాలి నుండి వచ్చింది.

అక్టోబరు అంటే మన కోస్తా వారికి తుఫానుల నెల. నైరుతి వానలు వెనక్కి వెళ్ళే సమయం, ఈశాన్య వానలు మొదలయ్యే సమయం. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట రేడియోలో వినగానే మన తీరంలో తల్లుల గుండె జల్లుమంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అది ఆదివారం. ఆ దినాల్లో నేను ఆ పట్టణంలోని ఒక సంఘంలో సేవ చేస్తున్నాను. ఆరాధన జరగలేదు. తలుపులు, కిటికీలు బిగించుకుని ఇంట్లోనే మోకరించాం.

మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అంతా అయిపోయింది అనుకుని మా వీధిలో కొందరు బయటికి వచ్చారు. అది తుఫాను కన్ను అని వారికి తెలియదు. కొంతసేపటికి గాలి మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదుటి దిక్కు నుండి. ఉదయమంతా ఒక వైపు వంగి తట్టుకున్న చెట్లు, రెండవ వైపు నుండి తోసేసరికి కూలిపోయాయి. సాయంత్రానికి ఆ పచ్చని పట్టణం కొమ్మలూ మోడులుగా మిగిలింది.

మరునాడు రోడ్డు మీద పడిన చెట్ల మొదళ్ళను చూస్తూ నడిచాను. చాలా చెట్లు విరగలేదు, వేళ్ళతో సహా లేచి పడ్డాయి. సిమెంటు పేవ్‌మెంటుకూ రోడ్డుకూ మధ్య చిన్న గుంటలో నాటినవి అవి. పైకి నలభై అడుగులు ఎదిగాయి. కింద వేరు పరచుకోవడానికి చోటు లేదు. మన ఇళ్ళల్లో పిల్లల చదువుకు, ఉద్యోగానికి, వీసాకు ఎంత చోటు ఇస్తున్నాం? వేరుకు ఎంత చోటు ఇస్తున్నాం? కొమ్మలు బాగా ఎదిగాయని సంతోషిస్తున్న తండ్రులారా, గాలి ఒక వైపు నుండే వస్తుందని మనకెవరూ మాట ఇవ్వలేదు.

ఆ తరువాతి రోజుల్లో కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను మోగదు. పాలప్యాకెట్టు కోసం క్యూ. అయితే ఒక సంగతి జరిగింది. నాలుగేళ్ళుగా ఒకే అపార్టుమెంటులో ఉంటూ ఒకరి పేరు ఒకరికి తెలియనివారు ఆ రాత్రుల్లో మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకరి బావి, మరొకరి గ్యాస్ పొయ్యి, ఇంకొకరి కొవ్వొత్తి.

నాకు పర్ణశాలల పండుగ గుర్తుకొచ్చింది. అది కూడా ఈ కాలపు పండుగే. ఇశ్రాయేలీయులు ద్రాక్షలు, ఒలీవలు, పంటంతా కూర్చుకున్న తరువాత ఏడవ నెలలో, అంటే మన సెప్టెంబరు అక్టోబరు ప్రాంతంలో, ఏడు రోజులు తమ గట్టి ఇళ్ళను విడిచి ఆకుల గుడిసెల్లో కాపురం ఉండాలి. ఎందుకు? కొట్లు నిండిన రోజునే మనిషి మరచిపోతాడు గనుక. మీ పితరులు అరణ్యంలో గుడారాల్లో బ్రతికారని, ఆ దినాన గోడ కాపాడలేదని, దేవుడే కాపాడాడని పిల్లలకు చూపించడానికి. ఏడాదికి ఏడు రోజులు ఆకుల సందులోంచి నక్షత్రాలను చూసినవాడికి తన ఇంటి పైకప్పు ఎవరిచ్చారో జ్ఞాపకం ఉంటుంది.

ఇంకొక మాట చెప్పి ఈ పాఠం ముగిస్తాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఇంచుమించు పదివేలమంది చనిపోయారు. హుద్‌హుద్‌లో గాలి తీవ్రత తక్కువేమీ కాదు, అయినా ఆ రోజు పోయిన ప్రాణాలు పదుల సంఖ్యలోనే. తేడా ఎక్కడుంది? ముందే హెచ్చరిక అందింది. లక్షలమందిని తీరం నుండి తరలించారు. హెచ్చరించేవాడు మనకు శత్రువు కాడు. ఇంటి ముందు నిలబడి "అమ్మా, లేవండి, బయలుదేరండి" అని విసిగించిన ఆ చిన్న ఉద్యోగి వల్ల ఎన్ని కుటుంబాలు బ్రతికాయో! నీ తాగుడు గురించి, నీ అప్పుల గురించి, నీ కోపం గురించి నీ భార్య గాని, నీ స్నేహితుడు గాని చెబితే చిరాకుపడుతున్నావా? ఆలోచించు. హెచ్చరిక కూడా ప్రేమే.

మూడవ పాఠం పొద్దు గుంకడంలో ఉంది.

మన ప్రాంతంలో అక్టోబరు ఒకటవ తేదీకీ ముప్పై ఒకటవ తేదీకీ మధ్య సూర్యాస్తమయం ఇంచుమించు ఇరవై నిమిషాలు ముందుకు జరుగుతుంది. రోజుకు నిమిషం కూడా కాదు గనుక మనం గమనించం. ఒక సాయంత్రం అయిదున్నరకే వాకిట్లో చీకటి కనబడి, "అరే, అప్పుడే రాత్రయిందే" అంటాం.

మా సంఘంలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలు ఉంది. భర్త ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. పిల్లలు ఇద్దరూ విదేశాల్లో ఉన్నారు, మంచివాళ్ళే, వారానికి రెండుసార్లు వీడియోలో మాట్లాడతారు. ఒక అక్టోబరు సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె అన్నది: "అయ్యగారూ, పగలు ఈ ఇల్లు నాకు సరిపోతుంది. పొద్దు గుంకేసరికి ఇల్లు పెద్దదైపోతుంది."

ఆ రోజు నుండి నేను ఈ నెలలో ఇళ్ళ దర్శనాలను చీకటి పడే వేళకు పెట్టుకున్నాను. పగలు పదింటికి వెళ్ళి చేసే పెద్ద ప్రార్థన కంటే, ఆ వేళకు వెళ్ళి పావుగంట కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగి, గుమ్మంలో బల్బు వేసి రావడం ఆమెకు ఎక్కువ ఆదరణ. ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరు శిష్యులు తమతో నడిచిన అపరిచితుణ్ణి ఆ రాత్రికి ఉండిపొమ్మని బలవంతం చేసింది కూడా పొద్దు వాలినందుకే గదా. ఆ ఆహ్వానం వల్లనే బల్ల దగ్గర వారి కన్నులు తెరవబడ్డాయి. మీ వీధిలో పొద్దు గుంకేసరికి ఇల్లు పెద్దదైపోయే మనిషి ఎవరు? ఆ పేరు ఇప్పుడే మీ మనస్సులోకి వచ్చి ఉంటుంది.

నాల్గవ పాఠం కోత పండుగది. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం.

మీకు తెలుసు, మన పల్లె సంఘాల్లో పంట చేతికి వచ్చే రోజుల్లో కోత పండుగ చేస్తాం. మొదటి పనలు, సొరకాయలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోడిపుంజు, అన్నీ బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయిన తరువాత వాటిని వేలం వేస్తారు. ఇరవై రూపాయల సొరకాయ అయిదు వందలకు పోతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ దేవునికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట. నవ్వులు, కేకలు, సంతోషం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మొంథా అంటే థాయ్ భాషలో పరిమళం గల పువ్వు అని చెబుతారు. పేరు పువ్వుది, కాని అది వచ్చింది మన వరి కంకి మీద ఉన్న రోజుల్లో. తుఫాను వెళ్ళిన తరువాత నేను డెల్టాలోని ఒక పల్లెకు వెళ్ళాను. చేలు చాప పరచినట్టు పడిపోయి ఉన్నాయి. నీళ్ళు దిగలేదు. ముందుగా పండిన చేలల్లో కంకి మీదనే మొలకలు వస్తాయని భయం. రైతులు మోకాలి లోతు బురదలో దిగి, పడిపోయిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి నిలబెట్టి కట్టలు కడుతున్నారు. పండిన కంకులు మొలకెత్తకుండా లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి చల్లుతున్నారు. వ్యవసాయ శాఖవారు ఏటా చెప్పే సలహా అది.

ఆ చేలో ఉన్న ఒక సహోదరుడు కౌలురైతు. రెండెకరాలు. పంట వచ్చినా రాకపోయినా భూమి యజమానికి బస్తాలు కొలవాలి. కౌలు కార్డు లేదు గనుక పరిహారం తన చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఆయన భార్య గట్టు మీద నిలబడి నన్ను అడిగింది: "అయ్యగారూ, ఇంకో పదిహేను రోజుల్లో కోత పండుగ గదా. ఈసారి మేము ఏమని స్తుతి చెల్లించాలి?"

శ్రోతలారా, ఆ ప్రశ్నకు సెమినరీలో నేర్చుకున్న జవాబులు నా దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ బురదలో నిలబడి చెప్పదగినదిగా నాకు తోచలేదు. చెప్పులు విడిచి నేనూ దిగి, ఆ సాయంత్రం వారితో కలిసి కట్టలు కట్టాను. నాకు ఆ పని చేతకాదు, నేను కట్టిన కట్టల్ని ఆమె మళ్ళీ విప్పి కట్టుకోవలసి వచ్చింది. కాని మాట్లాడకుండా పక్కన ఉండడానికి అది ఒక మార్గం.

హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివర అంజూరపు చెట్లు పూయకపోయినా, చేలు పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానన్నాడు. మనం దాన్ని పాటలాగా తేలికగా పాడేస్తాం. కాని అదే గ్రంథం మొదట్లో ఆ ప్రవక్త ఏం చేశాడో గమనించారా? ఎంతకాలం మొరపెట్టినా ఎందుకు వినవని దేవునితో వాదించాడు. ఆ మొదటి అధ్యాయం దాటకుండా చివరి అధ్యాయానికి ఎవరూ రాలేరు. కన్నీళ్ళతో ఉన్నవారిని తొందరపెట్టి స్తుతి చేయించడం మన పని కాదు. వారు మొదటి అధ్యాయంలో ఉన్నంతసేపు వారి పక్కన కూర్చోవడమే మన పని.

ఆ సంఘపు పెద్దలు ఆ సంవత్సరం కోత పండుగ మానలేదు. అయితే ఒక తీర్మానం చేశారు. వేలంలో వచ్చే ప్రతి రూపాయి చర్చి రంగులకు గాని, మైకు సెట్టుకు గాని కాకుండా, పంట పోయిన కుటుంబాల పిల్లల ఫీజులకు వెళ్ళాలని. ఆ కుటుంబాలు ఏ మతమని అడగకూడదని కూడా రాసుకున్నారు. ఆ సహోదరి తమ చేలో మిగిలిన కొన్ని కంకుల్ని ఒక చిన్న పిడికెడు కట్టగా కట్టి తెచ్చింది. ఆ కట్ట వేలానికి వచ్చినప్పుడు ఆ మందిరంలో ఎవరూ కేకలు వేయలేదు. ఒకరి తరువాత ఒకరు లేచి నెమ్మదిగా పాడారు. పాడుకున్న ప్రతివాడూ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు ఏ గుమ్మడికాయకూ రాని సొమ్ము ఆ పిడికెడు కంకులకు వచ్చింది. ఆమె పోగొట్టుకున్న పంటకు అది సమానం కాదు. అయినా తన నష్టం ఊరందరి నష్టం అయిందని ఆమెకు తెలిసింది.

రూతు బేత్లెహేము పొలాల్లో పరిగె ఏరుకున్న సంగతి మనందరికీ తెలుసు. పొలం అంచులు పూర్తిగా కోయకూడదని, పరిగె పేదవారికీ పరదేశులకూ విడిచిపెట్టాలని ధర్మశాస్త్రంలో ఉంది. మన పల్లెల్లో కూడా మా చిన్నతనంలో కోతలయ్యాక పిల్లలు, ముసలివాళ్ళు పరిగె ఏరుకునేవారు. ఇప్పుడు కోత యంత్రం వస్తుంది, గంటలో ఎకరం పూర్తవుతుంది. యంత్రానికి రూతు కనబడదు. కాని నడిపించేవారికి కనబడాలి గదా! మన జీతంలో, మన సమయంలో, మన దుకాణంలో, మన సెలవుల్లో ఒక అంచు కోయకుండా విడిచిపెడుతున్నామా? లేక చివరి కంకి వరకు మనకే చేర్చుకుంటున్నామా?

చివరగా ఆ ఉప్పు సంగతి. లీటరుకు యాభై గ్రాములు. ఆ ఉప్పు పడిపోయిన చేనును లేపి నిలబెట్టదు. పోయిన గింజను తిరిగి తేదు. మిగిలినది పాడుకాకుండా మాత్రం ఆపుతుంది. మన ప్రభువు తన శిష్యులను ఉప్పుతో ఎందుకు పోల్చాడో ఆ గట్టు మీద నాకు కొత్తగా అర్థమైంది. లోకంలోని ప్రతి నష్టాన్నీ మనం పూడ్చలేం. కాని పడిపోయిన ఒక కుటుంబంలో ఇంకా మిగిలి ఉన్నదాన్ని, ఒక పిల్ల చదువును, ఒక మనిషి ధైర్యాన్ని, ఒక ఇంటి మర్యాదను పాడవకుండా ఆపగలం. అది కొంచెమే. కాని దేవుడు మన చేతికి ఇచ్చింది ఆ కొంచెమే.

ప్రియ శ్రోతా, ఈ వారం నీవు చేయదగినవి మూడు చెబుతాను. నీ ఇంట్లో కనబడకుండా నమ్మకంగా పని చేస్తున్న ఒకరిని, భార్య కావచ్చు, అత్త కావచ్చు, పనిమనిషి కావచ్చు, పేరు పెట్టి పిలిచి కృతజ్ఞత చెప్పు. చీకటి పడే వేళకు ఒక ఒంటరి గుమ్మం తట్టు. నష్టపోయిన ఒక కుటుంబానికి సలహా ఇవ్వక ముందు, వారు చేస్తున్న పనిలో ఒక గంట చేయి వేయి.

ప్రార్థన చేసుకుందాం. కృపగల తండ్రీ, ఎండను వానను నీ సమయంలో పంపేవాడా, ఈ నెలలో చేను గట్టున ఆకాశం వైపు చూస్తున్న ప్రతి రైతునూ, వల సర్దుకుని తీరాన ఎదురుచూస్తున్న ప్రతి జాలరినీ, పొద్దు గుంకేసరికి భయపడే ప్రతి ఒంటరి ప్రాణినీ జ్ఞాపకం చేసుకొనుము. మా లోపల గింజ కట్టనిమ్ము. మా వేళ్ళకు చోటు చూపుము. మా పొలపు అంచులను మేము కోయకుండునట్లు మా చేతులను ఆపుము. పంట పోయినవారి యెదుట మాకు తొందరపాటు మాటలు ఇవ్వక, వారి పక్కన నిలిచే కాళ్ళు ఇమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని, మీ చేతి పనిని దీవించును గాక.